వరం కాదు, సాధన
చూపులేనివాడికి దేవుడు స్వరం ఇస్తాడనే మాట వింటే నాకు కష్టంగా ఉంటుంది. 1920లలో అమెరికా దక్షిణాదిలో చూపులేని నల్లజాతి మనిషికి పత్తిచేలో కూలి దొరికేది కాదు, మిల్లులో పని ఇచ్చేవారు కాదు. మిగిలేది వీధి మలుపు, గిటారు, చిల్లర పడే ఓ రేకు డబ్బా. బ్లూస్ గాయకులు బ్లైండ్ లెమన్ జెఫర్సన్, బ్లైండ్ బ్లేక్, బ్లైండ్ విల్లీ మెక్‌టెల్... రికార్డుల మీద వైకల్యమే వాళ్ల ఇంటిపేరైంది. వాళ్లను గొప్పవాళ్లను చేసింది చీకటి కాదు, సాధన. 1927 డిసెంబరులో డల్లాస్‌లో బ్లైండ్ విల్లీ జాన్సన్ రికార్డు చేసిన ‘డార్క్ వాజ్ ద నైట్, కోల్డ్ వాజ్ ద గ్రౌండ్’ వినండి. అందులో ఒక్క మాటా ఉండదు. తీగ మీద జారే స్లైడ్ మూలుగుతుంది, దాని వెంటే గొంతు కూనిరాగమై కదులుతుంది. ఏది తీగో, ఏది గొంతో తెలియదు. 1977లో ఆ పాట వాయేజర్ నౌకలెక్కి అంతరిక్షానికి వెళ్లింది. పాడినవాడు మాత్రం 1945లో టెక్సస్‌లోని బోమాంట్‌లో పేదవాడిగానే కన్నుమూశాడు. వరమని చేతులు జోడించి ఊరుకోవడం సులువు. ఆ వేళ్ల కష్టానికి దక్కాల్సిన కూలి ఎందుకు దక్కలేదని అడగడమే వాళ్లకు అసలైన గౌరవం.