ఫోన్‌తో దోమలు పోతాయా? ఆ యాప్‌లకీ, ల్యాంప్‌లకీ స్టార్ రేటింగ్ దండగ!

వానలు మొదలయ్యాయంటే చాలు, షాపింగ్ యాప్స్‌లో దోమల గ్యాడ్జెట్ల డీల్స్ కూడా మొదలైపోతాయి. నాలుగైదు వందలకి యూఎస్‌బీ యూవీ ల్యాంప్, ఇంచుమించు అదే రేటుకి ప్లగ్‌లో పెట్టే అల్ట్రాసోనిక్ మెషీన్. ప్లే స్టోర్‌లో అయితే ఫ్రీగానే "దోమల్ని తరిమే" యాప్స్. ఫోన్ కొనేటప్పుడు మనం ప్రాసెసర్ ఏంటి, బ్యాటరీ ఎంత, నీళ్లలో పడితే బతుకుతుందా అని నలభై ప్రశ్నలు అడుగుతాం. దోమల మెషీన్ దగ్గరికొచ్చేసరికి మాత్రం డబ్బా మీద బొమ్మ చూసి ఆర్డర్ పెట్టేస్తాం.

నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తా. అల్ట్రాసోనిక్ టెక్నాలజీ ఏ రూపంలో వచ్చినా దానికి సున్నా మార్కులు. యూవీ ల్యాంప్‌కి, దోమల వరకు చూస్తే, సున్నా కంటే కాస్త పైన. పోయేది నాలుగొందలే కదా అనుకోవచ్చు. కానీ ల్యాంప్ వెలుగుతోంది కదా అని దోమతెర మడిచి పక్కన పెట్టేస్తే, యాప్ ఆన్‌లో ఉంది కదా అని సాయంత్రం కిటికీలు తెరిచే ఉంచితే, ఆ నమ్మకం ఖరీదు ఒక డెంగీ జ్వరం కావచ్చు.

ముందు అల్ట్రాసోనిక్ సంగతి చూద్దాం. ఇది ఊరూపేరూ లేని కంపెనీల వ్యవహారం మాత్రమే కాదు. 2016లో ఎల్‌జీ మన దేశంలో "మస్కిటో అవే" టీవీలు దించింది. 2017లో ఇండియా మొబైల్ కాంగ్రెస్‌లో ఎల్‌జీ కే7ఐ అనే ఫోన్ లాంచ్ చేసింది, రేటు రూ.7,990. 2 జీబీ ర్యామ్, 2500 ఎంఏహెచ్ బ్యాటరీ, వాటితో పాటు వెనక కవర్‌లో 30 కిలోహెర్ట్జ్ శబ్దం చేసే స్పీకర్. ఆ శబ్దానికి దోమలు పారిపోతాయట! టీవీని చెన్నై దగ్గరి ఒక ల్యాబ్‌లో టెస్ట్ చేయించామని కంపెనీ అప్పట్లో చెప్పింది. 2021లో ఎల్‌జీ ఫోన్ల బిజినెస్సే మూసేసింది (దోమల వల్ల కాదులెండి).

కంపెనీలు ఏం చెప్పినా, బయటివాళ్ల లెక్క వేరేగా ఉంది. ఇలాంటి ఎలక్ట్రానిక్ మెషీన్ల మీద జరిగిన 10 ఫీల్డ్ స్టడీలను కలిపి చూసిన కోక్రేన్ రివ్యూ 2007లో వచ్చింది. మెషీన్ ఆన్‌లో ఉన్నా, ఆఫ్‌లో ఉన్నా ఒంటి మీద వాలే దోమల సంఖ్యలో తేడా లేదని తేల్చింది. ఇక దీని మీద పరిశోధన చేయడం కూడా అనవసరం అన్నంత గట్టిగా చెప్పింది. అంతకుముందే, 2001లో, అమెరికాలోని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అల్ట్రాసోనిక్ పెస్ట్ మెషీన్లు తయారుచేసే, అమ్మే 60కి పైగా కంపెనీలకు "మీ యాడ్స్‌లో చెప్పేదానికి సైంటిఫిక్ ఆధారం ఉండాలి" అని హెచ్చరిక లేఖలు పంపింది.

యాప్స్ అయితే ఇంకా కామెడీ. దీనికి దోమల శాస్త్రం కూడా అక్కర్లేదు, ఆడియో బేసిక్స్ చాలు. ఫోన్‌లో ఆడియో సాధారణంగా 48 కిలోహెర్ట్జ్ శాంప్లింగ్ రేటుతో బయటికొస్తుంది. అందులో సగం, అంటే 24 కిలోహెర్ట్జ్‌కి మించిన శబ్దం ఆ సిగ్నల్‌లో ఉండే చాన్సే లేదు. వేలి గోరంత స్పీకర్ అయితే 20 కిలోహెర్ట్జ్ దగ్గరికి వచ్చేసరికే చేతులెత్తేస్తుంది. మరి స్క్రీన్ మీద "40 కిలోహెర్ట్జ్" అని తిరుగుతున్న ఆ డయల్ ఏంటి? బొమ్మ. దాని కింద వచ్చే యాడ్స్ మాత్రం నిజం.

ఇంకో పిట్టకథ కూడా చెబుతారు. దోమల్ని తినే తూనీగ రెక్కల చప్పుడుని మా మెషీన్ అనుకరిస్తుంది అని. తూనీగ సెకనుకి దాదాపు 30 సార్లు రెక్కలు కొడుతుంది. అంటే 30 హెర్ట్జ్, 30 కిలోహెర్ట్జ్ కాదు. వెయ్యి రెట్లు తేడా ఉన్నా డబ్బా మీద చదవడానికి బాగానే ఉంటుంది మరి.

ఇక ఆ వంకాయ రంగు వెలుగు ల్యాంపులు. వీటి విషయంలో కాస్త న్యాయంగా మాట్లాడాలి, ఎందుకంటే ఇవి పురుగుల్ని నిజంగానే చంపుతాయి. ఏ పురుగుల్ని అన్నదే ప్రశ్న. అమెరికాలోని డెలావేర్ యూనివర్సిటీ వాళ్లు ఇళ్ల బయట పెట్టిన కరెంటు ల్యాంపుల్లో చచ్చిన పురుగుల్ని లెక్కపెట్టి 1996లో ప్రచురించారు. మొత్తం 13,789 పురుగుల్లో మనుషుల్ని కుట్టే రకం 31 మాత్రమే. తొలకరికి ట్యూబ్‌లైట్ చుట్టూ మూగే ఉసిళ్లు, దీపపు పురుగులు వెలుగుకి వస్తాయి. వాటికోసమైతే ల్యాంప్ కొనుక్కోండి, నేను వద్దనను. దోమ మాత్రం ముఖ్యంగా మన ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్, ఒంటి వేడి, చెమట వాసన పట్టుకుని వస్తుంది. గదిలో మీరు, ల్యాంప్ ఇద్దరూ ఉంటే దానికి మీరే ముద్దు. పొద్దున్నే ట్రే నిండా పురుగులు చూసి "వావ్, పనిచేస్తోంది" అనుకుని ఫైవ్ స్టార్ ఇచ్చేస్తారు. ఆ ట్రేలో దోమలెన్ని అని లెక్కపెట్టేవాళ్లు తక్కువ. పైగా డెంగీ తెచ్చే ఏడిస్ దోమ పగలు కుడుతుంది. చీకట్లో పెట్టే ల్యాంప్‌కి ఇక దానితో పనేముంది?

మరి డబ్బులు దేనికి పెట్టాలి? నా ఓటు ఎవరూ దోమల గ్యాడ్జెట్ అనుకోని దానికి: ఫ్యాన్. దోమ చాలా వీక్ ఫ్లయర్, గంటకి రెండు కిలోమీటర్లు ఎగిరితే గొప్ప. ఫ్యాన్ గాలికి ఒకపక్క అది నిలదొక్కుకోలేదు, మరోపక్క మన ఊపిరి వాసన చెదిరిపోయి దానికి అడ్రస్ దొరకదు. 75 వాట్ల పాత ఫ్యాన్ తీసేసి 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్ పెడితే రాత్రంతా ఫుల్ స్పీడ్‌లో తిప్పినా బిల్లు భయం ఉండదు. మంచం పక్కన టేబుల్ ఫ్యాన్ అయితే ఇంకా మేలు, కాళ్ల వైపు కూడా గాలి తగులుతుంది.

తర్వాత లిక్విడ్ మెషీన్లు. వీటిలో ట్రాన్స్‌ఫ్లుత్రిన్ లాంటి మందు ఉంటుంది, 1968 నాటి పురుగుమందుల చట్టం కింద రిజిస్టర్ అయితేనే అమ్మాలి. డబ్బా మీద ఆ రిజిస్ట్రేషన్ నంబర్ ఉందో లేదో చూడండి, ముఖ్యంగా సందు చివర షాపులో దొరికే అగరుబత్తీల మీద. మందు లేని అల్ట్రాసోనిక్ డబ్బాకి ఈ చట్టమే వర్తించదు, అందుకే వాళ్లు ఏదైనా రాసుకోగలుగుతున్నారు. ఈ లిక్విడ్ మెషీన్‌ని స్మార్ట్ ప్లగ్‌కి పెట్టి, చీకటి పడేముందు అదే ఆన్ అయ్యేలా, కొన్ని గంటలకి ఆఫ్ అయ్యేలా షెడ్యూల్ చేయండి. ఇంట్లో కొన్న స్మార్ట్ ప్లగ్‌లకి ఇంతకంటే పనికొచ్చే డ్యూటీ నేను చూడలేదు.

దోమల బ్యాట్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. తగిలితే చస్తుంది, అందులో మోసం లేదు. టైప్-సి చార్జింగ్ ఉన్నది చూసుకోండి. స్ప్రే కొట్టిన గదిలో మాత్రం వెంటనే ఊపకండి. ఆ స్ప్రేకి మంట అంటుకునే గుణం ఉంది, బ్యాట్‌లో నిప్పురవ్వ ఉంది.

ఇదంతా చదివి నేను టెక్నాలజీకి వ్యతిరేకం అనుకోకండి. మలేరియా క్రిమిని దోమ కడుపులో రొనాల్డ్ రాస్ మొదటిసారి చూసింది మన సికింద్రాబాద్‌లోనే, 1897 ఆగస్టు 20న. వాడిన గ్యాడ్జెట్ మైక్రోస్కోప్. 2025లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆరు నగరాల్లో ఏఐ సెన్సర్లతో దోమల రకాన్ని, సాంద్రతని గుర్తించి, అవసరమైన చోటే మందు కొట్టే పైలట్ ప్రాజెక్ట్ ప్రకటించింది. నాకు ఆసక్తి కలిగించే టెక్నాలజీ అంటే ఇదీ, ముందు కొలిచి తర్వాత పని మొదలుపెట్టేది. లేజర్‌తో దోమల్ని కాల్చే "ఫోటానిక్ ఫెన్స్"ని 2010లో టెడ్ స్టేజీ మీద డెమో ఇస్తే అందరం నోరెళ్లబెట్టాం. అది మన డాబా మీదికొచ్చేదాకా ఆగుదామంటే దోమ ఆగదు.

ఎందుకంటే ఏడిస్ దోమ ఎక్కడి నుంచో రాదు. మామూలుగా పుట్టినచోటి నుంచి కొన్ని వందల మీటర్లు దాటదు. మూత లేని డ్రమ్ము, మనీప్లాంట్ సీసా, సన్‌షేడ్ మీద పడేసిన కొబ్బరి చిప్ప, ఫ్రిజ్ వెనక నీళ్లు చేరే ట్రే, ఇవే దాని అడ్రస్‌లు. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పది రోజులు పడుతుంది. ఆంధ్రాలో ఫ్రైడే డ్రైడే అన్నా, 2020లో తెలంగాణలో ఆదివారం పది గంటలకు పది నిమిషాలు అన్నా లాజిక్ అదే. ఫోన్‌లో దోమల యాప్ తీసేసి, క్యాలెండర్‌లో వారానికోసారి మోగే రిమైండర్ పెట్టుకోండి. నీళ్లు పారబోస్తే సరిపోదు, గోడల్ని బ్రష్‌తో రుద్దాలి. ఏడిస్ గుడ్లు తొట్టి అంచుకి అతుక్కుని ఎండిపోయినా నెలల తరబడి బతికే ఉంటాయి, నీళ్లు తగలగానే పొదుగుతాయి. అందుకే ఎండాకాలం అయ్యాక కూలర్‌ని అటక ఎక్కించేముందు దాని ట్యాంక్ కూడా ఒకసారి రుద్ది కడగండి.