ఉపోద్ఘాతం లేని నివేదిక



మొన్న నా పూర్వవిద్యార్థి ఒకడు ఇంటికి వచ్చాడు. పాలిటెక్నిక్ చదివినవాడు. శ్రీసిటీలో మూడు కర్మాగారాలకు ముఖాముఖికి వెళ్లి మూడింటినుండీ ఉత్త చేతులతో తిరిగివచ్చాడట. "నీ గురించి చెప్పు" అనే మొదటి ప్రశ్న దగ్గరే తడబడుతున్నానన్నాడు. నాకూ ఒకసారి చెప్పు నాయనా అన్నాను. ఏదో శిక్షణ కేంద్రంలో వల్లె వేయించిన ఇంగ్లీషు వాక్యాలను గడగడా అప్పజెప్పాడు. వాటిలో కష్టించే తత్త్వం ఉంది, నాయకత్వ లక్షణం ఉంది, వాడొక్కడే లేడు.

ఆ కేంద్రాన్ని నిందించబోయి ఆగాను. వాడు వెంట తెచ్చిన ఆరు నెలల శిక్షణ నివేదిక "ఈ ఆధునిక యుగంలో విజ్ఞానం దినదినాభివృద్ధి చెందుచున్నది" అని మొదలైంది. ఇంగ్లీషులో ఉన్నా ఆ వాక్యం నాదే. ఉపోద్ఘాతం గంభీరంగా ఉంటే రెండు మార్కులు అధికమని ముప్పై యేళ్లు తరగతిలో చెప్పినవాణ్ణి నేనే. రెండు పుటలు తిప్పితేగాని ఏ యంత్రం ఆగిందో తెలియలేదు.

సూటిగా వ్రాయడం మన సంప్రదాయం కాదనుకోకండి. తిరుమల శాసనాలు చూడండి. పదో శతాబ్దంలో సామవై వెండి విగ్రహాన్ని సమర్పించినప్పటి తమిళ శాసనం, ఇచ్చిన నగలనూ భూమినీ లెక్కకట్టి చెబుతుంది. 1513లో తొలిసారి కొండకు వచ్చిన శ్రీకృష్ణదేవరాయల శాసనాలలో బిరుదావళి ఉన్నమాట నిజమే (రాయలవారికి ఆ ఉపోద్ఘాతం చెల్లుతుంది, మనకు చెల్లదు). అది దాటితే ఏనాడు, ఎవరు, ఏమి ఇచ్చారన్నదే. ఆ శాసనాలపై సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారు 1930లో వెలువరించిన గ్రంథానికి పేరే నివేదిక.

ముఖాముఖి ఇంగ్లీషులోనే నెగ్గాలనీ లేదు. శ్రీకాకుళం జిల్లాకు చెందిన రోణంకి గోపాలకృష్ణగారు 2016 సివిల్ సర్వీసుల పరీక్ష తెలుగులో వ్రాసి, దుబాసీ సాయంతో ముఖాముఖిలో మాట్లాడి, దేశంలో మూడో స్థానం పొందారు. కర్మాగారంలో దుబాసీని పెట్టరు కదా అంటారు. ఒప్పుకుంటాను; ఇంగ్లీషు నేర్వవలసిందే. కాని విషయం సొంత మాటలో తేలకముందే పరభాషలోకి దూకితే మిగిలేది వల్లెవేతే.

అందుకే కాగితం మూయించి, నీ చేతితో బాగుచేసినదేదో తెలుగులో చెప్పమన్నాను.

"బెల్టు ఊరికే ఒక పక్కకి పోతా ఉండె అయివారూ. దినానికి నాలుగుసార్లు నిలిపేవాళ్లం. రెండు దినాలు దాని దగ్గరే నిలబడి చూస్తి. చివరి రోలరు సమంగా లేదు. సరిచేస్తిమి. ఆ వారమంతా మళ్లీ నిలవలేదు."

నివేదిక అంటే ఇదే కదా! ఫలితాన్ని మాత్రం ముందుకు జరిపించాను. మిగిలినదంతా వాడిదే. నిఘంటువు దగ్గర పెట్టుకొని అయిదు వాక్యాల ఇంగ్లీషులోకి తెచ్చుకున్నాడు.

ఉన్నత పాఠశాలల తెలుగు అయ్యవార్లకు నా మనవి ఒకటుంది. వారానికొక గంట వ్యాసం మాని నివేదిక వ్రాయించండి. మధ్యాహ్న భోజనానికి ఎంత బియ్యం వండారు, ఎందరు తిన్నారు, ఎంత మిగిలింది, ఎందుకు మిగిలింది? చివరి ప్రశ్నకు జవాబు వ్రాయాలంటే పిల్లవాడు వంటశాల దాకా నడవాలి. ఆ నడక నేను నేర్పలేదు.

వచ్చే సోమవారం వాడికి నాలుగో ముఖాముఖి. చెప్పులు వేసుకుంటూ, "మరి ఉపోద్ఘాతం వద్దా అయివారూ?" అన్నాడు. వద్దనడానికి నాకు కొంచెం సమయం పట్టింది.