రెండడుగుల ట్యాంకులో ఎన్ని చేపలు?

ఇంటర్ అయిపోయిన సెలవుల్లో మా ఇంటికి రెండడుగుల అక్వేరియం వచ్చింది. షాపతను "చిన్నవే కదా, పది వేసుకోండి" అన్నాడు. పది గోల్డ్‌ఫిష్‌లు వేశాం. రెండో వారానికి నాలుగు మిగిలాయి. చెల్లి ఏడుస్తుంటే నేను నెట్‌లో ఫార్ములా వెతుకుతూ కూర్చున్నా. నా అలవాటే అంత.

ఫార్ములా దొరికింది కూడా. గ్యాలన్ నీళ్ళకి ఒక అంగుళం చేప. మా ట్యాంక్ 2 అడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. నిండా పోస్తే దాదాపు 56 లీటర్లు, అమెరికా లెక్కలో 15 గ్యాలన్లు. అంటే అంగుళం చేపలు 15 పెట్టొచ్చు. బాగానే ఉంది. మరి 15 అంగుళాల చేప ఒకటి? అడుగు వెడల్పులో అది వెనక్కి కూడా తిరగలేదు! పొడవు రెట్టింపైతే బరువు సుమారు ఎనిమిదింతలవుతుంది. ఒక్క టెస్ట్ కేస్ మార్చగానే ఫెయిలయ్యే ఫార్ములా ఇది. పైగా గోల్డ్‌ఫిష్ బాగా చూసుకుంటే 6 అంగుళాలు దాటుతుంది, పదేళ్ళు బతుకుతుంది. షాపులో కవర్లో కట్టిచ్చిన సైజు చూసి లెక్కేస్తే ఎలా?

అసలు మా చేపలు పోయింది చోటు చాలక కాదని తర్వాత అర్థమైంది. చేపలు మొప్పల నుంచి అమ్మోనియా వదులుతాయి. ఫిల్టర్ స్పాంజిలో పెరిగే బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తాయి. మొదటి రెండూ చేపకి విషం. మూడోది కాస్త నయం, నీళ్ళు మారిస్తే తగ్గుతుంది. కొత్త ట్యాంకులో ఈ బ్యాక్టీరియా కుదురుకోడానికి నెల, నెలన్నర పడుతుంది. మేం మొదటి రోజే పదీ వేసేశాం. అది చాలదన్నట్టు నేను స్పాంజిని కుళాయి కింద పెట్టి పిండి పిండి కడిగాను. క్లోరిన్ నీళ్ళు. ఉన్న కాసిన్ని బ్యాక్టీరియానీ నా చేత్తోనే చంపినట్టున్నా. ఇప్పటికీ అది గుర్తొస్తే సిగ్గుగా ఉంటుంది.

మిగిలిన నాలుగింటినీ పెదనాన్న వాళ్ళ పెరట్లో సిమెంటు తొట్టికి పంపేశాం. మా ట్యాంకులో ఇప్పుడు ఆరు మగ గప్పీలున్నాయి. (ఆడవి కూడా ఉంటే నెలనెలా పిల్లలే, ఏ లెక్కా నిలవదు.)

నా అభిప్రాయం ఏంటంటే, ఎన్ని చేపలన్నది నీళ్ళు మార్చే మనిషే తేల్చాలి. నేనేమో హాస్టల్లో ఉన్నా. ముందురోజు పట్టి ఉంచిన నీళ్ళతో ప్రతి ఆదివారం ఒక బకెట్ తీసి, ఒక బకెట్ పోసేది అమ్మ. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. అమ్మకి కుదరని వారం కూడా తట్టుకోగలిగినన్నే ఉండాలి.

మొన్న ఫోన్లో చెల్లి, "అన్నయ్యా, రూల్ ప్రకారం ఇంకా పడతాయిగా, నాలుగు కొందాం" అంది. నేను ఏదో చెప్పబోతుంటే వెనక నుంచి అమ్మ గొంతు: "ఆ బకెట్ మొయ్యడానికి వాణ్ణి రమ్మను, అప్పుడు కొందాం."

ప్రస్తుతానికి ఆరే.