లెక్క అడగండి, పెత్తనం వదలండి

అహోబిలం నరసింహస్వామి ఆలయంపై పెత్తనం కోసం ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సాగించిన పోరు 2023 జనవరిలో సుప్రీంకోర్టులో ముగిసింది. ఆలయ వ్యవహారాలను ఆ సంప్రదాయం వారే ఎందుకు చూసుకోకూడదని ధర్మాసనం నిలదీసి, అప్పీలును తోసిపుచ్చింది. అంతకు మూడు నెలల ముందే రాష్ట్ర హైకోర్టు విషయం తేల్చేసింది. ఆ గుడి అహోబిల మఠంలో విడదీయరాని భాగమని, అక్కడ కార్యనిర్వహణాధికారిని (ఈవోను) నియమించే అధికారం ప్రభుత్వానికి లేదని, ఆ నియామకం రాజ్యాంగంలోని 26(డి) అధికరణను ఉల్లంఘించడమేనని చెప్పింది. మఠం తమిళనాడులో, గుడి ఆంధ్రలో ఉన్నాయి కాబట్టి రెండూ వేరన్న వాదన నిలవలేదు. నిలవకూడదు కూడా. శతాబ్దాలుగా మఠాధిపతులైన జీయర్ల పాలనలో ఉన్న క్షేత్రాన్ని 1953లో గీసిన రాష్ట్ర సరిహద్దుతో రెండు ముక్కలు చేయాలని చూడటం ప్రభుత్వానికి తగని పని.

ఆ తీర్పును ఒక్క గుడి గొడవగా చూసి పక్కన పెట్టడం అంతకన్నా పెద్ద తప్పు. మా అభిప్రాయం స్పష్టం. ప్రార్థనా స్థలంలో అన్యాయం జరిగితే ప్రభుత్వం లోపలికి వెళ్లాలి, సరిదిద్దాలి, బయటికి రావాలి. వెళ్లిన చోటే కుర్చీ వేసుకుని తరాల తరబడి కూర్చునే హక్కు దానికి లేదు.

రాజ్యాంగం ప్రభుత్వ చేతులు కట్టేయలేదన్నది నిజమే. మతంతో ముడిపడిన ఆర్థిక, లౌకిక వ్యవహారాలను క్రమబద్ధం చేయడానికీ, హిందూ ఆలయాలను అన్ని వర్గాల వారికీ తెరిపించడానికీ 25వ అధికరణ వీలు కల్పించింది. ఫలానా శాఖకు చెందిన గుడి అయినా సరే, ఒక వర్గాన్ని గడప బయటే నిలబెడతామంటే కుదరదని 1957లోనే వెంకటరమణ దేవరు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. దేవుడి పేరిట ఆడపిల్లలను జోగినులుగా మార్చే దుర్మార్గాన్ని నిషేధిస్తూ 1988లో ఉమ్మడి రాష్ట్రం చట్టం చేసింది. ఇలాంటి చోట ఆచారమన్న మాట వినిపించుకోనక్కర్లేదు. మనిషి గౌరవాన్ని కాలరాసే ఆచారానికి మత స్వేచ్ఛ కవచం కాబోదు.

కానీ గడప దాటించే అధికారం వేరు, గుడినే తన చేతుల్లోకి తీసుకునే అధికారం వేరు. 1954 నాటి శిరూరు మఠం కేసులో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఈ తేడాను వివరించింది. మత సంస్థల ఆస్తుల నిర్వహణను చట్టంతో నియంత్రించవచ్చు, నిర్వహణ హక్కునే లాగేసుకోరాదు. చిదంబరం నటరాజస్వామి ఆలయం విషయంలో 2014లో ఇచ్చిన తీర్పు మరో అడుగు ముందుకు వేసింది. అక్రమాలు జరిగాయని గుడిని స్వాధీనం చేసుకున్నా, వాటిని సరిదిద్దగానే తిరిగి అప్పగించాలి. గడువు లేని స్వాధీనం హక్కును హరించడమే. తమిళనాడు ప్రభుత్వం 1987లో నియమించిన ఈవోపై ఆ గుడి అర్చకులైన దీక్షితులు ఇంత స్పష్టమైన మాట వినడానికి పాతికేళ్లకు పైగా పట్టింది. హక్కు ఉందని రుజువు చేసుకోవడానికే ఒక తరం గడిచిపోవడం న్యాయం కాదు.

సర్కారు చేతిలో ఉంటే ఆస్తులు భద్రమన్న వాదన ఎంత బలహీనమో మన అనుభవమే చెబుతుంది. అమరావతి సదావర్తి సత్రానికి చెన్నై దగ్గర ఉన్న 83 ఎకరాలను 2016లో సుమారు రూ.22 కోట్లకు వేలంలో కట్టబెట్టారు. హైకోర్టు జోక్యంతో మరుసటి ఏడాది మళ్లీ వేలం పెడితే పాట రూ.60 కోట్లు దాటింది. కాపలాదారే ఆ భూమి విలువ తెలుసుకోలేదా, తెలిసీ ఊరుకున్నాడా? పదవుల విషయంలోనూ ఇదే తీరు. 2020 మార్చిలో సింహాచలం దేవస్థానం, మాన్సాస్ ట్రస్టు చైర్మన్ పదవుల నుంచి అశోక్ గజపతిరాజును తప్పిస్తూ జీవోలు వచ్చాయి. 2021 జూన్‌లో హైకోర్టు వాటిని కొట్టేసింది. ఈ రెండు ఘటనలూ వేర్వేరు పార్టీల ఏలుబడిలో జరిగాయి. తప్పు ఏ ఒక్క పార్టీదో కాదు. ధర్మకర్తల మండళ్లను రాజకీయ నిరుద్యోగులకు ఇచ్చే బహుమానాలుగా మార్చిన అలవాటుదే ఆ నేరం.

అలాగని ప్రైవేటు చేతులన్నీ పవిత్రమని మేము నమ్మడం లేదు. 1843లో ఈస్టిండియా కంపెనీ తిరుమలను హాథీరాంజీ మఠం మహంతులకు అప్పగించింది. ఆ పాలనపై ఎన్నో ఫిర్యాదులు వచ్చాకే 1933లో దేవస్థానం కమిటీ ఏర్పడింది. జస్టిస్ చల్లా కొండయ్య కమిషన్ నివేదిక మీద ఆధారపడి వచ్చిన 1987 నాటి దేవాదాయ చట్టం వెనుకా నిజమైన ఆవేదన ఉంది. మాన్యాలు మింగినవారు, నగలు మాయం చేసినవారు కల్పిత పాత్రలు కారు. అందుకే లెక్కలు అడిగే అధికారం ప్రభుత్వం దగ్గరే ఉండాలని గట్టిగా కోరుతున్నాం. ఆడిట్ కఠినంగా ఉండాలి, దాని నివేదిక భక్తులందరికీ అందాలి. పెద్ద గుళ్ల నుంచి సర్వశ్రేయో నిధికి వచ్చే సొమ్ముతో చిన్న గుళ్లలో దీపం వెలిగించడానికి ఊరూరా ఈవోలు అక్కర్లేదు.

ఈ కొలబద్ద అన్ని మతాలకూ ఒక్కటే. 2025 వక్ఫ్ సవరణ చట్టంలో, ప్రభుత్వ భూమా వక్ఫ్ భూమా అన్న వివాదాన్ని ప్రభుత్వ అధికారే తేల్చేలా రాశారు. వాది, న్యాయమూర్తి ఒకరే అయిన ఆ ఏర్పాటు అధికారాల విభజనకు విరుద్ధమంటూ సుప్రీంకోర్టు అదే ఏడాది సెప్టెంబరులో దాని అమలును నిలిపింది. ఐదేళ్లుగా ఇస్లాం ఆచరిస్తున్నవారే వక్ఫ్ చేయాలన్న షరతునూ నియమాలు వచ్చే దాకా ఆపింది. అహోబిలం తీర్పుకు హర్షించి ఈ ఉత్తర్వుకు ముఖం చిట్లించేవారికీ, దీన్ని మెచ్చి దాన్ని తప్పుపట్టేవారికీ కావలసింది మత స్వేచ్ఛ కాదు, తమవారి గెలుపు.

రెండు తెలుగు రాష్ట్రాలూ 1987 చట్టాన్ని సవరించాలి. గుడిని స్వాధీనం చేసుకోవాలంటే అక్రమాన్ని ముందుగా న్యాయాధికారి ఎదుట రుజువు చేయాలి. స్వాధీనానికి గడువు నిర్ణయించాలి, పొడిగించాలంటే కారణాలు రాతపూర్వకంగా ఇవ్వాలి. ఇప్పటికే ఏళ్ల తరబడి ఈవోల పాలనలో ఉన్న మఠాల, సంప్రదాయాల ఆలయాలను ఒక్కొక్కటిగా సమీక్షించి, కారణం మిగలని చోట తాళం చెవులు తిరిగి ఇచ్చేయాలి. కోర్టు మెట్ల దాకా వెళ్లి ఓడిన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే ఈ సవరణ బిల్లును వచ్చే శాసనసభ సమావేశాల్లో ప్రవేశపెట్టాలి.