చలి వైరసును చంపదు

మంచులో పెట్టినచో ఎట్టి రోగబీజమైనను నశించునని మన పల్లెలలో పలువురి నమ్మకము. మంచులో ఉంచిన చేప కుళ్ళకుండుటను చూచి ఈ నమ్మకము ఏర్పడినది. కాని కుళ్ళించు క్రిములు పనిమానుట వేరు, చచ్చుట వేరు. వైరసుల విషయములో ఈ భేదము మరింత ముఖ్యము. ప్రయోగశాలలలో వైరసును ఏండ్ల తరబడి దాచవలసి వచ్చినప్పుడు దానిని సున్నకు 80 డిగ్రీల దిగువనున్న చలిలోనే ఉంచుదురు. వైరసును చెరచునవి వేడి, ఎండ, ఆరుదల, సబ్బు. చలి దానికి గాదె వంటిది.

కొవిడ్ వ్యాధి ప్రబలిన 2020వ సంవత్సరములో ఈ సంగతి రొయ్యల వ్యాపారమును కుదిపినది. ఆ ఏడు జూలైలో ఈక్వెడార్ దేశపు రొయ్యల పెట్టెలమీదను, ఒక కంటైనరు లోపలి గోడమీదను వైరసు జాడ కనబడినదని చైనా కస్టమ్సువారు ప్రకటించిరి. రెండు లక్షలకు పైబడిన నమూనాలలో 6 మాత్రమే అట్లు తేలినవి. రొయ్య మాంసములోను, లోపలి సంచిమీదను ఏమియు లేదు. అక్టోబరులో చింగ్‌డావ్ రేవునందు గడ్డకట్టిన కాడ్ చేపల పెట్టెపైనుండి సజీవమైన వైరసునే వేరు చేసితిమని చైనావారు చెప్పిరి. తరువాత మన దేశపు సరుకును కూడ రేవులలో నిలిపి పరీక్షించిరి.

ఇచట ఒక మాట. సాధారణ పరీక్షలో తేలునది వైరసు జన్యుపదార్థపు తునక మాత్రమే. ఊక కనబడినంత మాత్రమున బస్తాలో గింజ ఉన్నదని చెప్పగలమా? ఆహారపు పెట్టెల ద్వారా మనుష్యులకు కొవిడ్ సోకుట మిక్కిలి అరుదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 ఏప్రిలులోనే చెప్పియున్నది. కావున ఆనాటి భయము హద్దు మీరినదనియే నా అభిప్రాయము. అయినను ఆ గొడవలో మనము నేర్వవలసినది మాత్రము నేర్వలేదు. విదేశమునకు పోయిన పెట్టె మన చెరువుకు తిరిగి రాదు. తిరిగి వచ్చునది పట్టుబడినాటి ప్లాస్టిక్ క్రేటు.

1994-95 ప్రాంతములో మన కోస్తాలోని టైగర్ రొయ్యల చెరువులను ఊడ్చివేసిన తెల్లమచ్చ తెగులు పెద్దలకు జ్ఞాపకముండును. ఈ వైరసు మనిషిని ఏమియు చేయదు. చెరువును మాత్రము 3 మొదలు 10 దినములలో ఖాళీ చేయగలదు. 30 డిగ్రీల వేడిగల సముద్రపు నీటిలో ఇది 30 దినములు నిలిచినట్లు ప్రయోగశాలలో తేలినది. చెరువు నీటిలో 3, 4 దినములు నిలుచును. రొయ్యను గడ్డకట్టించినను ఇది చావదు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ రాష్ట్రములో 2016 చివర లోగన్ నది ఒడ్డు చెరువులకు ఈ తెగులు సోకగా, దిగుమతియైన పచ్చి రొయ్యలను జనులు గాలమునకు ఎరగా వాడుటచే వచ్చెనేమోయని అనుమానించిరి. అది రుజువు కాలేదు. అయినను 2017 జనవరిలో ఆ దేశము పచ్చి రొయ్యల దిగుమతిని నిలిపివేసినది.

మన గట్టుమీద ఏమి జరుగుచున్నది? తెల్లమచ్చ కనబడగానే రైతు ఉన్నంతలో అమ్ముకొనుటకు త్వరపడి పట్టుబడి చేయును. అందు తప్పు లేదు. కాని ఆ సరుకు నింపిన క్రేట్లు, ఐసు పెట్టెలు ప్లాంటులో ఖాళీయై, ఒక బకెట్టు నీళ్ళు చల్లించుకొని, తడి ఆరకమునుపే మరియొక చెరువు చేరుచున్నవి. అడుగున జిగురు, రొయ్య మీసాలు, కరగిన ఐసు నీరు ఉండనే ఉండును. ఆ నీరు గట్టుమీద కారి కాలువలో పడును. ఆ కాలువనుండియే దిగువ రైతు తోడుకొనును.

చాలమంది జిగురుమీదనే బ్లీచింగ్ నీరు పోయుదురు. ఆ మందు జిగురుతోనే ఖర్చైపోవును. ముందు సబ్బు నీటితో తోమి, కడిగి, పిమ్మట బ్లీచింగ్ నీటిలో ముంచి, బాగుగా ఆరునట్లు ఎండలో బోర్లించవలెను. మూత తీసి నెలల తరబడి ఉంచిన బ్లీచింగ్ పొడి ఉత్త సున్నముతో సమానము. రొయ్యలు ఒలుచు చోట పారబోయు తలలు, పొట్టు కూడ కాలువలో పడకుండ గోతిలో పూడ్పించవలెను.

క్రేటు ఎవరిదని అడిగినచో ఏజెంటు ప్లాంటును చూపును, ప్లాంటువారు లారీ డ్రైవరును చూపుదురు. నష్టము మాత్రము చెరువుగల వానిదే. కౌంటుకు ఇంత ధర అని బేరమాడునప్పుడే ఆరిన క్రేట్లు తేవలెనను షరతు కూడ పెట్టుట రైతు సోదరులకు న్యాయమైన హక్కు. ఒంటరిగా అడిగిన రైతును వదలి ఏజెంటు ప్రక్క చెరువుకు పోవును. కావున ఒకే కాలువ క్రింది రైతులందరు పిల్లను వదలుటకు ముందే కూడి ఈ షరతును నిర్ణయించుకొనవలెను. గ్రామ మత్స్యశాఖ సహాయకులు ఆ సమావేశమును పిలిపించి, క్రేట్లు కడుగు చోటును కాలువకు దూరముగా చూపించిన చాలును.