ఆయాగా చేరే సహోదరికి ప్రేమ ఒక్కటే చాలదు



మా ఓ.పి.కి వచ్చే స్త్రీలలో కొందరు అప్పుడప్పుడు ఒక మాట అడుగుతుంటారు: "సిస్టరమ్మా, మాకు ఏ అనుభవమూ లేదు. భవిత కేంద్రంలో ప్రత్యేక అవసరాలు గల పిల్లల దగ్గర ఆయాగా చేరవచ్చునా?" తప్పక చేరవచ్చును. నాట్లకో, రొయ్యల గుంటల మీద పనికో పోయే తల్లి రోజంతా బిడ్డ పక్కన కూర్చోలేదు. ఆయా లేకపోతే ఆ బిడ్డ ఇంట్లో మంచం మీదనే ఉండిపోతాడు.

అయితే "ప్రేమ ఉంటే చాలు, పని దానంతటదే వస్తుంది" అని చెప్పి పంపేవారితో మేము ఏకీభవించము. ఆసుపత్రిలో కొత్తగా చేరిన ఆయాను ఆపరేషను అయిన రోగి దగ్గర మొదటి రోజే ఒంటరిగా వదలము. ఒక సీనియరు వెంట ఉండి చూపిస్తుంది. బడిలో పిల్లల దగ్గర మాత్రం ఎందుకు వదలాలి?

అన్నిటికంటే మాకు భయం అన్నం తినిపించే దగ్గర. సెరిబ్రల్ పాల్సీ ఉన్న బిడ్డను ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టి, తల వెనక్కి వాల్చి తినిపించడం మన ఇళ్లలో అలవాటు. అలా పెడితే మెతుకు, నీరు ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదమున్నది. మాటిమాటికీ వచ్చే నిమ్ముకు ఇదొక కారణం. బిడ్డను నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కొంచెం కిందికి ఉండేలా, చిన్న చెంచాతో పెట్టాలి. నోటిలోది మింగిన తరువాతనే రెండో ముద్ద. దగ్గు వచ్చినా, గొంతులో గరగర వినిపించినా ఆపివేయాలి. తిన్న వెంటనే పడుకోబెట్టరాదు.

ఇక ఫిట్స్. చేతిలో తాళాలగుత్తి పెట్టడం, నోటిలో చెంచా దూర్చడం ఇంకా చూస్తూనే ఉన్నాము. రెండూ వద్దు. పక్కకు తిప్పి పడుకోబెట్టి, తల కింద మెత్తని గుడ్డ ఉంచి, గడియారం చూడండి. 5 నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయండి.

మంచి మనసున్న ఆయాలే చేసే పొరపాటు ఒకటున్నది. పాపం అనుకొని పనులన్నీ వారే చేసిపెడతారు. చొక్కా గుండీలు నాలుగు మీరు పెట్టి, చివరిది బిడ్డకు వదలండి. అది వచ్చాక చివరి రెండు వదలండి. ఆలస్యమవుతుంది, కానివ్వండి. గుడ్డలు మార్చేటప్పుడు చాటుకు తీసుకుపోయి, బిడ్డకు చెప్పి మార్చండి. మాట రాని బిడ్డకూ సిగ్గు ఉంటుంది.

ఆయాను టీచరుగా వాడుకోవడం మాత్రం న్యాయం కాదు. ప్రత్యేక విద్య బోధించేవారికి 1992 నాటి రిహాబిలిటేషన్ కౌన్సిల్ చట్టం ప్రకారం అర్హత, నమోదు ఉండాలి. ప్రాథమిక స్థాయిలో 10 మంది ఇటువంటి పిల్లలకు ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు ఉండాలని కేంద్ర ప్రభుత్వం 2022లో చెప్పింది. 1995 చట్టంలో 7 రకాల వైకల్యాలే ఉండగా, 2016 చట్టంలో 21 చేరాయి. అంటే ఒకే గదిలో ఆటిజం ఉన్న బిడ్డ, చూపు లేని బిడ్డ, కండరాల జబ్బున్న బిడ్డ ఉండవచ్చు. చాలీచాలని జీతానికి వచ్చిన మనిషి మీద ఇదంతా మోపితే నాలుగు నెలల్లో మానుకొని పోతుంది. కొత్త ముఖానికి అలవాటు పడలేక ఏడ్చేది బిడ్డే.

తల్లిదండ్రులకు ఒక మనవి. మీ బిడ్డ గురించి మీకంటే తెలిసినవారు లేరు. ఏ మందు ఏ వేళకు వేస్తున్నారు, ఏది మింగలేడు, బాత్రూముకు ఎలా సైగ చేస్తాడు, ఏ శబ్దానికి బెదురుతాడు, ఇవన్నీ ఒక కాగితం మీద రాసి ఆయా చేతికివ్వండి. రాయడం రానివారు మా నర్సింగు ఆఫీసుకు రండి, మేము రాసిపెడతాము. కొత్త ఆయాలు కూడా ఒక పూట వస్తే తినిపించే విధానము, బరువెత్తేటప్పుడు నడుము పట్టకుండా ఎత్తే విధానము వార్డులోనే చూపిస్తాము. వచ్చేటప్పుడు బిడ్డ తల్లిని కూడా వెంట తీసుకొని రాగలరు.