రాచపుండు విధివ్రాత కాదు

రాచపుండు పుట్టినదనగానే పూర్వజన్మ పాపమని నిట్టూర్చుట మనవారికి అలవాటు. చదువుకొన్నవారు ఇప్పుడు పాపమునకు బదులు జన్యువులను పేర్కొని, "పుట్టుకలో నున్నదానికి ఎవరేమి చేయగలరు?" అనుచున్నారు. మాట మారినది గాని నిస్పృహ మారలేదు. జన్యుశాస్త్రము బోధించునది దీనికి కేవలము విరుద్ధమని మేము మనవి చేయదలచితిమి.

1911లో న్యూయార్కున రౌస్ పండితుడు ఒక కోడి కంతిని నూరి, వడగట్టిన రసమును వేరొక కోడి కెక్కించి, దానికిని కంతి పుట్టుటను చూపెను. ఆ కంతికి మూలము ఒక వైరసు మోసికొనివచ్చు జన్యువని పిమ్మట తేలినది. 1976లో బిషప్, వార్మస్ పండితులును వారి సహచరులును ఆ జన్యువుయొక్క మూలరూపము ఆరోగ్యవంతమైన కోడి కణములలోనే యున్నదని నిరూపించిరి. 1989లో వారిరువురకు నోబెల్ బహుమాన మీయబడెను. ఇంట పనిచేయు సేవకుడే దారి తప్పి ఇంటిని దోచునని దీనివలన లోకమునకు తెలిసినది.

కణముల పెరుగుదలను నడపు జన్యువులు ముఖ్యముగా రెండు తెగలు. ఒక తెగ ఎడ్లకు ముల్లుగర్రవంటిది; రెండవది పగ్గమువంటిది. బిడ్డ పెరుగుటకును, గాయము మానుటకును ముల్లుగర్ర కావలసినదే. కాని 'రాస్' అను జన్యువున ఒక్క యక్షరము మారినచో ఆ ముల్లు ఎడతెగక పొడుచుచునే యుండునని 1982లో కనుగొనిరి. త్వష్ట చేసిన హోమమున ఒక్క స్వరము తప్పినందున, ఇంద్రుని చంపవలసిన వృత్రుడు ఇంద్రునిచేతనే చచ్చిన కథ పాఠకులు ఎరుగుదురు. ఇదియు నట్టిదే. 'పి-53' అను జన్యువు పగ్గము. దెబ్బతిన్న కణమును అది నిలిపి, బాగుపడుటకు వ్యవధి నిచ్చును, బాగుపడనిచో నశింపజేయును. మానవుల క్యాన్సర్లలో ఇంచుమించు సగమింట ఈ జన్యువు చెడియుండును. ముల్లు మొండికెత్తినంతమాత్రమున కంతి పుట్టదు, పగ్గములును తెగవలెను. అందులకు సాధారణముగా ఏండ్లు పట్టును. ఆ యేండ్లే మనకు దొరకిన గడువు.

తలిదండ్రులనుండి వచ్చిన లోపమువలన కలుగు క్యాన్సర్లు నూటికి అయిదు మొదలు పదివరకు మాత్రమే. తక్కినవానిలో జన్యువులు జీవితకాలమున చెడినవి. కణములు చీలునప్పుడు జరుగు పొరపాట్లు కొన్ని మన చేతిలో లేవు. పొగాకు మాత్రము మన చేతిలోనిదే. పొగలోని బెంజోపైరీను శరీరమున మార్పు చెంది, ఊపిరితిత్తుల క్యాన్సరులో పి-53 తరచుగా చెడు స్థానములందే అంటుకొనునని 1996లో తేలినది. దొంగ వ్రేలిముద్ర ఇంతకంటె స్పష్టముగా దొరకునా?

ఆంధ్రులకు ఇది దూరపుమాట కాదు. ఉత్తర కోస్తా పల్లెలలో, విశేషముగా స్త్రీలలో, నిప్పుకొనను నోటిలో నుంచుకొని చుట్ట త్రాగు ఆచారము గలదు. దీనిని అడ్డపొగ యందురు. శ్రీకాకుళము జిల్లా గ్రామస్థులను 10,169 మందిని పరీక్షించిన వైద్యులు 1971లో తమ పరిశోధనను ప్రకటించి, అడ్డపొగకును అంగిటి వికారములకును గల సంబంధమును చూపిరి. ఇతరచోట్ల గట్టి అంగిట అరుదుగా పుట్టు పుండు అచ్చట తరచుగా పుట్టుట వింత గాదు.

పొగాకు రైతునకు రొక్కమును, ప్రభుత్వమునకు పన్నును ఇచ్చుచున్నదని కొందరు వాదింతురు. రైతును నిందించుట మా యుద్దేశము కాదు. వేరు పంటకు మారదలచిన రైతునకు విత్తనము, అప్పు, గిట్టుబాటు ధర సమకూర్చుట ప్రభుత్వ ధర్మము. పొగాకు పన్నులో కొంతభాగమైనను ఆ పనికిని, పల్లెపల్లెను నోటి పరీక్షకును ప్రత్యేకింపవలెను. అంగిటిమీది తెల్లమచ్చను చూచుటకు గొప్ప యంత్రము లక్కరలేదు. దీపమును, అలవడిన కన్నును చాలును.

చుట్ట మానినవారికి అపాయము ఏటేట తగ్గుచుండును. ఈ సంగతిని తమ పొలములలో పాటుపడు స్త్రీలకు తెలియజెప్పి, నోట మచ్చగలవారిని ఆలస్యము లేక ఆసుపత్రికి పంపుట గ్రామపెద్దల విధి. విధివ్రాతయని చేతులు ముడుచుకొని కూర్చుండుట మాత్రము వారికి తగదు.